ఆఖరి మాట ఎవరిది? కార్డుల యుద్ధంలో దెబ్బల లెక్క

ఒక 4/4 క్రీచర్, అంటే నాలుగు పవర్‌తో కొట్టి నాలుగు టఫ్‌నెస్‌తో తట్టుకునేది, దాడికి వచ్చింది. అవతలివాడు తన 3/3 క్రీచర్లు రెంటినీ కలిపి అడ్డం పెట్టాడు. అతని చేతిలో జెయంట్ గ్రోత్ కార్డు ఉంది. అది ఏ క్రీచర్ మీద వేస్తే దానికి ఆ టర్న్ అయ్యేదాకా పవర్ మూడు, టఫ్‌నెస్ మూడు పెరుగుతాయి. దాడి చేసినవాడి చేతిలో ఇంకేమీ లేదు. రెండు 3/3లూ కలిసి కొడితే అతని 4/4 చావడం ఖాయం. పోతూ పోతూ ఎదుటి రెంటిలో ఒకదాన్నైనా వెంట తీసుకుపోతుందా?

మ్యాజిక్: ద గ్యాదరింగ్ బాగా ఎరిగినవాళ్లు ఈ ప్రశ్న వింటే ముందు ‘ఏ సంవత్సరంలో?’ అని అడగాలి. 1998లో ఒకటి పోయేది. 2005లో రెండూ బతికేవి. 2015లోనూ రెండూ బతికేవి, కారణం మాత్రం వేరు. 2025లో మళ్లీ ఒకటి పోతుంది. కార్డులు అవే, అంకెలూ అవే. మారింది నియమం.

ట్రేడింగ్ కార్డ్ గేముల్లో డ్యామేజ్ అనగానే కొత్తవాళ్లకి కూడికలు, తీసివేతలు గుర్తొస్తాయి. ఆ లెక్క మూడో తరగతి పిల్లలు కూడా చేసేస్తారు. తగువులు వచ్చేది వేరే చోట. దెబ్బ ఎప్పుడు పడుతుంది, దాన్ని పంచే హక్కు ఎవరిది, పడ్డ దెబ్బ ఎంతసేపు నిలుస్తుంది అన్న దగ్గర వస్తాయి. దాడి, అడ్డం రెండూ బల్ల మీద తేలిపోయాక ఇంకా మాట మార్చగలిగేది ఎవరు? డ్యామేజ్ నియమాల చరిత్రంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగిందని నా నమ్మకం.

జంషెడ్‌పూర్‌లో సాక్చీని ఆనుకుని ఉన్న మా కాసిడీహ్‌లో వేసవి సెలవులొస్తే ఈ తగువు ఏదో ఒక వరండాలో వినిపిస్తూనే ఉంటుంది. 1907లో పెట్టిన టాటా ఉక్కు కంపెనీలో పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాల పిల్లలు ఆ తగువు పడేవాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కార్డు మీద ఇంగ్లిష్. ఈ ఆటల కార్డులు తెలుగులో అచ్చు కాలేదు. మ్యాజిక్ పూర్తి నియమావళి దాదాపు 300 పేజీల ఇంగ్లిష్ పుస్తకం. ఆటని తయారుచేసే కంపెనీ దాన్ని ఉచితంగానే ఇస్తుంది కానీ పిల్లలెవరూ దాన్ని చదివి ఆట నేర్చుకోరు. అన్నయ్య చెప్పాడు, వీడియోలో చూశాం, అంతే. అన్నయ్య నేర్చుకున్న ఏడు ఒకటి, వీడియో తీసిన ఏడు మరొకటి.

మా అక్క కొడుకు, వాడి పెదనాన్న కూతురు ఆడుతుండగా సరిగ్గా ఇదే జరిగింది. ‘అన్నయ్యా, ముందు దీన్ని కొడతానని ఆర్డర్ చెప్పావు కదా, ఇప్పుడు మార్చకూడదు’ అని ఆ పిల్ల. ‘అరే, ఆ రూల్ పోయిందే, ఎలా కావాలంటే అలా పంచుకోవచ్చు’ అని వీడు. ‘మామయ్యా, నువ్వే చెప్పు, బస్’ అని తగువు నా దగ్గరికి వచ్చింది. ఆ పిల్లకి ఆట నేర్పింది కాలేజీలో చదివే వాళ్ల పెద్దన్నయ్య. వీడు నేర్చుకున్నది ఫోన్లో. ఎవరు నేర్చుకున్నది వాళ్ల కాలానికి సరైనదే. ఇప్పటి నియమం ప్రకారం గెలుపు వాడిది.

మా తరం ఈ వీధుల్లో తొంభైల్లో ఆడినవి ట్రంప్ కార్డులు. కుస్తీ వీరుడి బొమ్మ, కింద ఎత్తు, బరువు, ఛాతీ, గెలిచిన పోటీలు. ఒకడు ఒక అంకె చదువుతాడు, రెండోవాడు తన పైకార్డు తిప్పుతాడు, ఎక్కువ ఉన్నవాడు రెండు కార్డులూ తీసుకుంటాడు. అక్కడ ఉన్నది పోలిక, దెబ్బ కాదు. పులి-మేకలో పులి మీంచి దూకితే మేక పోతుంది. సగం గాయపడ్డ మేక ఆ ఆటలో లేదు. చదరంగంలో బంటు కూడా మంత్రిని ఒక్క దెబ్బకి తీసేస్తుంది. దెబ్బకి అంకె, దాన్ని తట్టుకోవడానికి ఒక హద్దు అనే ఆలోచన బల్ల మీద సైన్యాలు నడిపే ఆటల నుంచి 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ చేతికి వచ్చింది. దాన్ని జేబులో పట్టే కార్డు మీదికి తెచ్చినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. ఆయన రూపొందించిన మ్యాజిక్‌ని విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 1993 ఆగస్టులో విడుదల చేసింది.

గార్ఫీల్డ్ చేసిన అసలు పని ఇది: దాడి చేసేవాడికి క్రీచర్‌ని గురిపెట్టే హక్కు ఇవ్వలేదు. నీ క్రీచర్లు ఎదుటి ఆటగాడి మీదికే వెళతాయి. (తర్వాత్తర్వాత ప్లేన్స్‌వాకర్లు, బ్యాటిల్ కార్డులు కూడా గురిలోకి వచ్చాయి.) ఆ ఆటగాడికి మొదట 20 లైఫ్ ఉంటుంది. తన క్రీచర్లలో దేన్ని అడ్డం పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో అతనే తేల్చుకుంటాడు. ఎవరు రావాలో ఒకరి నిర్ణయం, ఎవరు ఎవరితో తలపడాలో రెండోవారి నిర్ణయం. దాడి చేసేవాడు బెదిరించగలడు, బలవంతపెట్టలేడు. ఆట మొదలై ముప్ఫై ఏళ్లు దాటినా ఈ ఒక్క విభజన చెక్కుచెదరలేదు. తరవాత వచ్చిన ఎన్నో ఆటలు దీన్ని వదిలేశాయి, వదిలేసిన ప్రతిసారీ ఎదుటివాడు కొంత ప్రేక్షకుడైపోయాడు.

ఇప్పటి నియమాల్లో ఒక దాడి ఇలా నడుస్తుంది. కంబాట్‌లోకి అడుగు పెట్టడం, దాడికి వచ్చేవాళ్లని ప్రకటించడం, బ్లాక్‌లు ప్రకటించడం, డ్యామేజ్, ముగింపు. మొత్తం అయిదు మెట్లు. దాడికి వచ్చే క్రీచర్ ట్యాప్ అవుతుంది, అంటే కార్డు అడ్డంగా తిరుగుతుంది. కాబట్టి తరవాత ఎదుటివాడి టర్న్‌లో అడ్డం నిలవలేదు. విజిలెన్స్ అనే శక్తి ఉన్నవాటికి ఆ బాధ లేదు. ఈ టర్న్‌లోనే బల్ల మీదికి దిగిన క్రీచర్ మామూలుగా దాడికి పనికిరాదు. బ్లాక్ చేయడానికి మాత్రం నిన్న దిగిందా ఇవాళ దిగిందా అని ఎవరూ అడగరు, ట్యాప్ కాకుండా ఉంటే చాలు. ఒక బ్లాకర్ ఒక్క దాడికే అడ్డం నిలుస్తుంది. ఒక దాడికి మాత్రం ఎంతమంది బ్లాకర్లైనా కలిసి అడ్డం పడొచ్చు.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఒకసారి బ్లాక్ అయినది బ్లాక్ అయినట్టే అన్న దగ్గర. నా 5/5కి నువ్వు ఒక చిన్న 1/1 అడ్డం పెట్టావు. వెంటనే నేను మెరుపు కార్డు వేసి ఆ 1/1ని చంపేశాను. ఇప్పుడు దారి ఖాళీ కదా, అయిదు దెబ్బలూ నీకే కదా అంటే కాదు. నా 5/5 బ్లాక్ అయిపోయింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా దాని దెబ్బ ఎక్కడా పడదు. ఇది అన్యాయం అనిపిస్తుంది గానీ ఇందులో ఒక లోతైన న్యాయం ఉంది. అడ్డం పెట్టినవాడు ఒక క్రీచర్‌ని పణంగా పెట్టి ఆ దాడిని కొనుక్కున్నాడు. ఆ బేరాన్ని తరవాత ఒక్క కార్డుతో చెరిపేసే వీలుంటే ఎవరూ బ్లాక్ చేయరు. ట్రాంపుల్, అంటే బ్లాకర్‌ని చంపగా మిగిలిన దెబ్బని ఆటగాడి మీదికి దాటించే శక్తి, ఉన్న క్రీచర్‌కి మాత్రం ఈ బేరం వర్తించదు. బ్లాకర్ మాయమైతే దాని దెబ్బ మొత్తం ఆటగాడికే వెళ్లిపోతుంది.

డ్యామేజ్ మెట్టులో దాడి చేసినవాళ్లవి, అడ్డం నిలిచినవాళ్లవి అన్ని దెబ్బలూ ఒకేసారి పడతాయి. ముందు వెనకలు లేవు. ఆ దెబ్బ క్రీచర్ మీద గుర్తుగా మాత్రమే ఉంటుంది, టఫ్‌నెస్ తగ్గదు. మూడు టఫ్‌నెస్ ఉన్నదానికి రెండు దెబ్బలు తగిలితే అది ఇంకా మూడు టఫ్‌నెస్ ఉన్నదే, మీద రెండు గాయాలు ఉన్నాయంతే. ఆ టర్న్‌లోనే దాన్ని ఏదైనా కార్డు 2/2గా కుదిస్తే, ఉన్న రెండు గాయాలే దాన్ని చంపేస్తాయి. ఈ పరీక్షని ఎవరూ అడగనక్కర్లేదు. ఎవరికైనా ఏదైనా చేసే అవకాశం వచ్చే ప్రతిసారీ, దానికి ముందే ఆట తనంతట తాను సరిచూసుకుంటుంది. దెబ్బలు టఫ్‌నెస్‌కి సమానమో మించో ఉన్నాయా? టఫ్‌నెస్ సున్నాకి దిగిందా? ఆటగాడి లైఫ్ సున్నాయా? ఈ రెండో ప్రశ్నకీ మొదటిదానికీ తేడా ఉంది. ఇన్‌డిస్ట్రక్టిబుల్, అంటే నాశనం చేయడానికి వీల్లేని క్రీచర్ ఎన్ని దెబ్బలైనా తట్టుకుంటుంది కానీ టఫ్‌నెస్ సున్నా అయితే తట్టుకోలేదు, ఎందుకంటే అక్కడ జరిగేది నాశనం కాదు, అది నేరుగా శ్మశానానికి పోతుంది.

టర్న్ చివర అన్ని గాయాలూ మాసిపోతాయి. ఇక్కడ నాకెంతో నచ్చిన చిన్న జాగ్రత్త ఒకటుంది. 2/2 మీద జెయంట్ గ్రోత్ వేసి 5/5 చేశాం, దానికి నాలుగు దెబ్బలు తగిలాయి, బతికింది. టర్న్ చివర పెరిగిన బలం పోతుంది. ముందు బలం పోయి, తరవాత గాయాలు మాసిపోతే ఆ మధ్య క్షణంలో నాలుగు గాయాలున్న 2/2 మిగిలి చచ్చిపోవాలి. అలా కాకుండా గాయాలు మాసిపోవడం, ‘టర్న్ అయ్యేదాకా’ అన్న ప్రభావాలు తీరిపోవడం రెండూ ఒకే క్షణంలో జరుగుతాయని నియమావళి రాసి పెట్టింది. ఒక్క వాక్యంతో వేలకొద్దీ తగువులు పుట్టకుండానే పోయాయి.

ఇక చరిత్ర. మొదటి ఆరేళ్లూ ఆటలో క్రమం ఉండేది కానీ నియమాలు అతుకుల బొంతలా ఉండేవి. ట్యాప్ అయిన బ్లాకర్ దెబ్బ కొట్టలేకపోయేది. లైఫ్ సున్నాకి దిగినా ఆ దశ అయ్యేదాకా ఓడినట్టు కాదు, ఈలోగా మళ్లీ పెంచుకుంటే బతికిపోయేవారు. బ్లాక్‌లు అయ్యాక కార్డులు వేసుకునే అవకాశం ఉండేది. దెబ్బలు పంచాక మాత్రం వాటిని ఆపే కార్డులకీ, చావు తప్పించే రీజెనరేషన్‌కీ మాత్రమే చోటు. జెయంట్ గ్రోత్ లాంటిది అప్పటికే వేసి ఉండాలి. అది చూసి దాడి చేసినవాడు తన నాలుగు దెబ్బల్నీ పెరగని రెండో 3/3 మీద వేసేవాడు. 1998లో ఒకటి పోయేదని అందుకే అన్నాను.

1999లో సిక్స్త్ ఎడిషన్ నియమాలతో అంతా స్టాక్ మీదికి వచ్చింది. వేసిన కార్డులు ఒకదాని మీద ఒకటి పేరుకుని, పైనున్నది ముందు తెగే పద్ధతి అది. డ్యామేజ్‌ని కూడా అక్కడే పెట్టారు. ఎవరికెన్ని దెబ్బలో పంచి ప్రకటిస్తారు. ఆ అంకెలు బిగుసుకుపోయి స్టాక్ మీద వేలాడుతుంటాయి. అవి కింద పడేలోగా ఇద్దరూ కార్డులు వేసుకోవచ్చు. మన 4/4 తన దెబ్బల్ని ఒక 3/3కి మూడు, రెండోదానికి ఒకటి అని ప్రకటించిందనుకోండి. అప్పుడు అవతలివాడు ఆ మొదటిదాని మీద జెయంట్ గ్రోత్ వేస్తాడు. అది 6/6 అయిపోతుంది, మూడు దెబ్బలు దాన్ని ఏమీ చేయలేవు, పంపకం మార్చే వీలు లేదు. ఆఖరి మాట అడ్డం నిలిచినవాడిది.

ఈ పద్ధతి నడిచిన పదేళ్లలో పుట్టిన విచిత్రాలకి మాగ్ ఫెనాటిక్ ప్రతీక. 1997 నాటి టెంపెస్ట్ సెట్‌లో వచ్చిన 1/1 గాబ్లిన్ అది. దాన్ని బలిచ్చి ఎవరికైనా ఒక దెబ్బ కొట్టొచ్చు. అది ఒక 2/2కి అడ్డం నిలుస్తుంది, దాని ఒక్క దెబ్బ స్టాక్ మీదికి ఎక్కుతుంది. వెంటనే దాన్ని బలిచ్చి ఇంకో దెబ్బ అదే 2/2కి కొడతాం. ఫెనాటిక్ శ్మశానంలో ఉంది. అయినా స్టాక్ మీద వేలాడుతున్న దాని మొదటి దెబ్బ వచ్చి పడుతుంది. రెండు దెబ్బలు, 2/2 హరీ. 2004లో వచ్చిన సకురా-ట్రైబ్ ఎల్డర్ కూడా ఇదే దారిలో ఒక దెబ్బ కొట్టేసి, బలైపోయి, యజమానికి ఒక నేల కార్డు తెచ్చిపెట్టేది. కొట్టాల్సిన క్రీచర్‌ని చేతిలోకి వెనక్కి పిలుచుకున్నా దాని దెబ్బ మాత్రం అక్కడే ఉండేది. తెలిసినవాళ్లకి ఇది పండగ. కొత్తగా కూర్చున్నవాళ్లకి లేని మనిషి కొట్టిన దెబ్బ ఎక్కడినుంచి వచ్చిందో బోధపడేది కాదు.

2009 జులైలో మ్యాజిక్ 2010 నియమాలు దీన్ని తీసేశాయి. డ్యామేజ్ ఇక స్టాక్ ఎక్కదు, ప్రకటించగానే పడుతుంది. ఫెనాటిక్ కొట్టనైనా కొట్టాలి, బలైనా కావాలి, రెండూ కుదరవు. అప్పట్లో పాత ఆటగాళ్లు చాలామంది నొచ్చుకున్నారు, తమ నైపుణ్యాన్ని కత్తిరించేశారని. ఆ మార్పు సరైనదే అని నేను గట్టిగా అనుకుంటాను. ఏ క్రీచర్‌ని ఎప్పుడు పణంగా పెట్టాలో ఎంచుకోవడం నైపుణ్యం. 2009కి ముందు ఆ ఎంపికే లేదు, రెండు లాభాలూ ఎప్పుడూ దక్కేవి. ఎంచుకోవాల్సి వచ్చాకే ఆ కార్డు ఆలోచింపజేసే కార్డు అయింది.

అదే మార్పులో ఇంకోటి వచ్చింది. ఒక దాడికి ఇద్దరో ముగ్గురో అడ్డం నిలిస్తే, దాడి చేసినవాడు అప్పుడే వాళ్లకి వరస చెప్పాలి. మొదటివాడికి చావుకి సరిపడా దెబ్బలు వేశాకే రెండోవాడి మీదికి వెళ్లాలి. డ్యామేజ్ స్టాక్ మీద లేదు కాబట్టి, అడ్డం నిలిచినవాడికి పోయిన హక్కుని ఇలా మరో రూపంలో తిరిగి ఇచ్చారు. మన ఉదాహరణలో వరస చెప్పగానే మొదటి 3/3 మీద జెయంట్ గ్రోత్ పడుతుంది. 6/6 అయినదాన్ని చంపాలంటే ఆరు కావాలి, ఉన్నవి నాలుగు. రెండోదాని మీదికి పోవడానికి వీల్లేదు. రెండూ బతుకుతాయి.

2024 నవంబరులో ఫౌండేషన్స్ అనే సెట్‌తో ఆ వరస కూడా పోయింది. ఇప్పుడు దాడి చేసినవాడు డ్యామేజ్ మెట్టుకి వచ్చాకే, అప్పటికి బల్ల మీద ఏముందో చూసుకుని, ఇష్టమొచ్చినట్టు పంచుకుంటాడు. జెయంట్ గ్రోత్ ముందే వేసి తీరాలి, వేస్తే నాలుగు దెబ్బలూ రెండోదాని మీదికి వెళతాయి. అంటే తిరిగి తిరిగి 1998 జవాబు దగ్గరికే వచ్చాం, నడుమ ఉన్న అతుకులు మాత్రం లేవు. నేర్పడానికి ఇది ఎంతో సుళువు, ఒక ప్రకటన తగ్గింది, గుర్తుపెట్టుకోవాల్సింది తగ్గింది. అయినా అడ్డం నిలిచేవాడి పక్షాన నాకు బాధగానే ఉంది. ఇద్దరు కలిసి ఒక బలవంతుడికి ఎదురు నిలవడం ఈ ఆటలో అన్నిటికన్నా సాహసమైన ఎత్తు. ఇద్దరినీ పోగొట్టుకునే ప్రమాదం ఉన్నా దిగాలి. ఆ సాహసానికి దక్కే ఒక చిన్న బహుమతిని కొత్త నియమం లాగేసుకుంది. మా పిల్లలు ఇద్దరితో బ్లాక్ చేయడానికి ఇప్పుడు వెనకాడుతున్నారు, అది నా కళ్లతో చూస్తున్నాను.

దెబ్బలన్నీ ఒకేసారి పడతాయన్న సూత్రానికి మినహాయింపులున్నాయి, అవే ఆటకి రుచి. ఫస్ట్ స్ట్రైక్ ఉన్న క్రీచర్ బరిలో ఉంటే డ్యామేజ్ మెట్టు రెండుగా చీలుతుంది, అది ముందు కొడుతుంది. 2/1 అయినా సరే ఎదుటి 2/2ని చంపేస్తుంది, చచ్చినది తిరిగి కొట్టలేదు. డబుల్ స్ట్రైక్ రెండు మెట్లలోనూ కొడుతుంది. డెత్‌టచ్ ఉన్నది ఒక్క దెబ్బ కొట్టినా చావే. లైఫ్‌లింక్ కొట్టినంత లైఫ్ తెస్తుంది. 2009కి ముందు అది దెబ్బ పడ్డాక విడిగా వచ్చే లాభం. రెండు లైఫ్‌తో ఉన్నవాడికి మూడు దెబ్బలు తగిలి, అదే క్షణంలో అతని లైఫ్‌లింక్ క్రీచర్ మూడు కొడితే, లాభం చేతికందేలోపు ఓడిపోయేవాడు. ఇప్పుడు అది దెబ్బలో భాగం. రెండులోంచి మూడు పోయి మూడు వచ్చి రెండు మిగులుతుంది, ఆట సాగుతుంది.

ట్రాంపుల్ లెక్క విడిగా నేర్చుకోవాలి. 6/6 ట్రాంపుల్‌కి ఒక 2/2, ఒక 3/3 అడ్డం నిలిచాయి. చావుకి సరిపడా రెండూ మూడూ అయిదు వాటికి వేయాలి, మిగిలిన ఒకటి ఆటగాడికి. ఆ 3/3కి ఇంతకుముందే ఒక దెబ్బ తగిలి ఉంటే దానికి రెండు చాలు, ఆటగాడికి రెండు. 2/2 మీద జెయంట్ గ్రోత్ పడితే అయిదూ మూడూ ఎనిమిది కావాలి, ఆటగాడికి ఏమీ మిగలదు. ట్రాంపుల్‌కి డెత్‌టచ్ కూడా తోడైతే ఒక్కో బ్లాకర్‌కి ఒక్కటే సరిపోతుంది, నాలుగు ఆటగాడి మీదికి దూసుకుపోతాయి. దెబ్బని ఆపే కార్డులు ఏవైనా ఉన్నా ఈ పంపకం వాటిని పట్టించుకోదు. పంచేటప్పుడు చూసేది టఫ్‌నెస్, గాయాలు, డెత్‌టచ్ మాత్రమే.

మిగతా ఆటలు ఇదే ప్రశ్నకి వేరే జవాబులిచ్చాయి. 1996లో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ కార్డుల్లో దెబ్బ మాసిపోదు. పదేసి చొప్పున కౌంటర్లు కార్డు మీద కూర్చుంటాయి, వెనక బెంచీకి తప్పుకున్నా, ఎదిగి కొత్త రూపం దాల్చినా వెంటే వస్తాయి. కొట్టగానే టర్న్ అయిపోతుంది. ఎదుటి యాక్టివ్ పోకెమాన్‌కి వీక్‌నెస్ ఉంటే దెబ్బ ఇప్పటి కార్డుల్లో రెట్టింపు, అరవై నూట ఇరవై అవుతుంది. రెసిస్టెన్స్ ఉంటే ముప్ఫై తగ్గుతుంది. బెంచీ మీదున్నవాటికి ఈ రెండూ వర్తించవు. ఎదుటివాడు నీ టర్న్‌లో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. అందుకే చిన్నపిల్లలు సుళువుగా ఆడతారు. సాక్చీ బజారులో పుస్తకాల కొట్ల ముందు వేలాడే బంగారు రంగు నకిలీ ప్యాకెట్లతో ఆడినా ఈ లెక్క నేర్చుకోవచ్చు. నకిలీల మీద అంకెలు ఇష్టమొచ్చినట్టు ఉంటాయి, అవి చూసి నియమం మీద అనుమానపడొద్దని మాత్రం పిల్లలకి చెప్పాలి.

యు-గి-ఓలో దెబ్బ అంటే తేడా. ఒక్కొక్కరికి 8000 లైఫ్ పాయింట్లు. 1800 అటాక్ ఉన్నది 1500 అటాక్ ఉన్నదాన్ని కొడితే బలహీనమైనది పోతుంది, దాని యజమానికి 300 తగులుతుంది. సమానమైతే రెండూ పోతాయి. డిఫెన్స్‌లో పడుకోబెట్టిన 2000ని అదే 1800 కొడితే ఎవరూ చావరు, కొట్టినవాడికే 200 పోతాయి. అడ్డం పెట్టే హక్కు లేదు, గురి దాడి చేసేవాడిదే. ఆ లోటుని తలకిందులుగా పరిచిన ట్రాప్ కార్డులు పూడుస్తాయి. డ్యామేజ్ స్టెప్‌ని లోపల మళ్లీ చిన్న ముక్కలుగా కోశారు, అందులో వేయడానికి కొన్ని రకాల కార్డులకే అనుమతి. పోటీల్లో అనుభవమున్నవాళ్లు కూడా జడ్జిని పిలిచేది ఎక్కువగా అక్కడే.

2014లో వచ్చిన హార్త్‌స్టోన్ కంప్యూటర్ మీద పుట్టిన ఆట. గాయాలు నిలుస్తాయి, లెక్క యంత్రం చూసుకుంటుంది. గురి దాడి చేసేవాడిదే, టాంట్ ఉన్నవాటిని మాత్రం ముందు దాటాలి. కాగితం మీద ఆడే మ్యాజిక్‌లో గాయాలు టర్న్ చివర మాసిపోవడంలో ఉన్న పెద్ద లాభం ఇక్కడ అర్థమవుతుంది: బల్ల మీద ఇరవై క్రీచర్లుంటే దేనికెన్ని గాయాలో టర్న్ టర్న్‌కీ మోసుకుపోవాల్సిన పని లేదు. 2023లో వచ్చిన డిస్నీ లోర్కానా మాత్రం కాగితం మీదే గాయాల్ని నిలబెట్టింది. అయితే అక్కడ గెలుపు 20 లోర్ సంపాదించడంలో ఉంది కాబట్టి కొట్లాట పక్క దారి.

న్యూజిలాండ్ నుంచి 2019లో వచ్చిన ఫ్లెష్ అండ్ బ్లడ్ నాకు అన్నిటికన్నా సాహసంగా కనిపిస్తుంది. అక్కడ అడ్డం పెట్టేది చేతిలోని కార్డులనే. వచ్చిన దాడి ఏడు, నువ్వు మూడేసి డిఫెన్స్ ఉన్న రెండు కార్డులు పారేస్తే ఒకటి తగులుతుంది. ఆ రెండు కార్డులూ నీ టర్న్‌లో దాడికి పనికొచ్చేవే. దెబ్బ తినాలా, రేపటి దాడిని వదులుకోవాలా అని ప్రతిసారీ తేల్చుకోవాలి. 2022 నాటి వన్ పీస్ కార్డుల్లో లీడర్‌కి తగిలిన దెబ్బ ఎంత పెద్దదైనా మామూలుగా పోయేది ఒక్క లైఫ్ కార్డే. అది చేతిలోకి వస్తుంది కాబట్టి ఓడుతున్నవాడికి కాస్త ఊపిరి దొరుకుతుంది.

మళ్లీ మ్యాజిక్‌కి వస్తే, దాన్ని నలుగురు కలిసి ఆడే కమాండర్ పద్ధతి కూడా పిల్లల్లో పాకింది. అక్కడ 40 లైఫ్‌తో మొదలవుతారు. ఒకే కమాండర్ (ఆటగాడు తన సైన్యానికి నాయకుడిగా ఎంచుకున్న క్రీచర్) చేతిలో మొత్తం 21 కంబాట్ డ్యామేజ్ తగిలితే లైఫ్ ఎంత మిగిలినా ఓటమే. ఏ కమాండర్ ఎవరిని ఎంత కొట్టిందో విడివిడిగా రాసుకోవాలి, ఈ గాయాలు టర్న్ చివర మాసిపోవు. ఇన్‌ఫెక్ట్ ఉన్న క్రీచర్లు కొడితే ఆటగాడి లైఫ్ తగ్గదు, పాయిజన్ కౌంటర్లు వస్తాయి, పది నిండితే అయిపోయినట్టే. పెన్నూ కాగితం పక్కన పెట్టుకోకుండా ఈ పద్ధతి మొదలుపెట్టొద్దు.

వరస తీసేసిన ఫౌండేషన్స్ నియమం వచ్చాక మ్యాజిక్ బల్ల దగ్గర పాటించాల్సిన మర్యాద కూడా కాస్త మారింది. డ్యామేజ్ పంచడం మొదలైతే ఇక వెనక్కి లేదు కాబట్టి, దాడి చేసినవాడు తొందరపడి అంకెలు చెప్పేయకూడదు. బ్లాక్‌లు అయ్యాక ఆగి ‘ఏమైనా వేస్తావా?’ అని అడగాలి. అవతలివాడు లేదన్నాకే పంచాలి. అడ్డం నిలిచినవాడు జెయంట్ గ్రోత్ దాచుకుని కూర్చుంటే అది వేయాల్సిన క్షణం అదే, దెబ్బలు చూశాక వేస్తానంటే కుదరదు. మా ఇంట్లో పిల్లలిద్దరికీ నేను చెప్పిన తీర్పు ఇంతే. ఆర్డర్ చెప్పాడు కాబట్టి మార్చకూడదన్న ఆ పిల్ల మాట చెల్లదు, కానీ ‘ఏమైనా వేస్తావా’ అని అడగకుండానే వాడు దెబ్బలు పంచేశాడు కాబట్టి ఒక్క మెట్టు వెనక్కి వెళ్లి ఆ అవకాశం ఆమెకివ్వాలి.